అమ్మ నడుస్తోంది కాబట్టి బాగున్నట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

డెబ్బై ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఐదు లక్షల వైద్యం అని మీ పేపర్లో వార్త చూసినప్పుడల్లా ఈ ఉత్తరం రాయాలనుకుంటాను, ఇంతలో అమ్మ లేచిన అలికిడి వినపడుతుంది, పెన్ను పక్కన పెట్టేస్తాను. ఈ రోజు మా ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు కాబట్టి కుదిరింది.

మా అమ్మకు 74 ఏళ్లు. నాలుగేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. ఉప్పు వేసిన కూరలో మళ్లీ ఉప్పు వేసేది, అప్పుడే తిని లేచి, నాకు అన్నం పెట్టలేదని పక్కింటివాళ్లతో చెప్పేది. చాదస్తం, ఆ వయసుకు మామూలే అనుకున్నాం. ఒకరోజు మార్కెట్టుకు వెళ్లి ఇంటికి దారి తెలియక రైల్వే గేటు దగ్గర కూర్చుండిపోతే తెలిసినవాళ్లు తీసుకొచ్చారు. అప్పుడు గుంటూరు తీసుకెళ్లి చూపిస్తే డాక్టర్ గారు అల్జీమర్స్ అన్నారు. జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బులను డిమెన్షియా అంటారు, వాటిలో ఎక్కువ మందికి వచ్చేది ఇదేనట. దీన్ని నయం చేసే మందు లేదమ్మా, దగ్గరుండి చూసుకోవడమే అన్నారు. ఆ చూసుకోవడానికే ఏ పథకంలోనూ చోటు లేదని మాకు తర్వాత తెలిసింది.

ఐదు లక్షల కార్డు మేమూ తీసుకున్నాం. కేంద్రం 2024 అక్టోబర్ నుంచి ఆదాయం చూడకుండా ఇస్తోంది, గుండె ఆపరేషన్ లాంటిది అవసరమైన ఇంటికి అది ప్రాణం నిలబెడుతుంది, కాదనను. కానీ ఆసుపత్రిలో చేరితేనే అది పనికొస్తుంది. మా అమ్మకు కావలసింది బెడ్డు కాదు, పగలూ రాత్రీ పక్కన ఒక మనిషి. రాత్రి రెండింటికి లేచి, మా నాన్న ఎదురు చూస్తుంటాడు ఇంటికి పోతానంటూ తలుపు గడియ తీస్తుంది. అమ్మ వాళ్ల నాన్న పోయి యాభై ఏళ్లు. గ్యాస్ తిప్పి వదిలేస్తుందని వంట అవగానే రెగ్యులేటర్ తీసి దాస్తున్నాను. స్నానం చేయించబోతే ఎవరో పరాయివాళ్లు బట్టలు లాగుతున్నారనుకుని వణికిపోతుంది, కొడుతుంది, నేను కూతురినని చెప్పినా ఆ క్షణంలో నేనెవరో తనకు తెలియదు. ఆయాను పెట్టుకుందామంటే నెలకు 20 వేలు, పైన భోజనం, డైపర్లు వేరే. మా ఆయన జీతం 28 వేలు. అందుకని తొమ్మిదేళ్లుగా చేస్తున్న ప్రైవేటు స్కూలు టీచరు ఉద్యోగం నేనే మానేశాను.

ఇక పింఛను సంగతి. అమ్మకు వితంతు పింఛను 4 వేలు వస్తోంది. వికలాంగుల పింఛనుకు మార్పించుకోండి అని ఎవరో చెబితే సచివాలయంలో సదరం, అంటే వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షకు, స్లాటు తీసుకుని ఆటోలో తీసుకెళ్లాం. ఆ రద్దీకి అమ్మ బెదిరిపోయి ఏడుస్తూనే ఉంది. అక్కడ చూసినాయన, "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, నడుస్తోంది కదమ్మా, ఏ కేటగిరీ అని రాయను?" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది, ఎందుకంటే అమ్మ నడుస్తోంది కాబట్టే కదా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేనిది!

ఇలాంటి ఇళ్లవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి, మాకు తెలియడానికి ఏడు నెలలు పట్టింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, డిమెన్షియా అన్న పేరు విడిగా లేదు, నిజమే. కానీ అందులోనే మానసిక అనారోగ్యం అంటే ఏమిటో చెప్పినచోట ఆలోచన, తెలివిడితో పాటు జ్ఞాపకశక్తి బాగా దెబ్బతినడాన్ని కూడా రాశారు. దాని శాతం లెక్కించడానికి 2002 నుంచే ఐడియాస్ అనే కొలత ఉంది. తన పనులు తాను చేసుకోగలరా, మనుషులతో ఎలా ఉంటారు, చెప్పింది అర్థమవుతుందా, పని చేయగలరా అని చూసి మార్కులు వేస్తారు. కాబట్టి ఎముకల డాక్టర్ వరుసలో నిలబడకండి. మానసిక వైద్యుల దగ్గరికి పంపమని అడగండి, పాత చీటీలూ స్కానింగ్ రిపోర్టులూ అన్నీ తీసుకెళ్లండి. మాకు రెండోసారి అలాగే సర్టిఫికెట్ వచ్చింది, పింఛను 6 వేలయింది.

అయితే నేను ఈ ఉత్తరం రాస్తున్నది 6 వేలు చాలవని చెప్పడానికి మాత్రమే కాదు. మన రాష్ట్రంలో పక్షవాతంతో మంచాన పడినవాళ్లకూ, కండరాలు బాగా క్షీణించినవాళ్లకూ, ప్రమాదంలో దెబ్బతిని మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవాళ్లకూ 2024 జూలై నుంచి నెలకు 15 వేలు ఇస్తున్నారు. చాలా మంచి పని, ఆ ఇళ్ల కష్టం తెలిసినవాళ్లెవరూ అది ఎక్కువ అనరు. మరి ఒక్క గంట కూడా ఒంటరిగా వదలలేని మనిషిని ఆ లెక్కలోకి ఎందుకు తీసుకోరు? అమ్మ మంచాన పడేదాకా ఆగి అప్పుడు రమ్మంటారా? మనిషి లేవగలదా లేదా అని మాత్రమే కాకుండా, రోజులో ఎన్ని గంటలు పక్కన ఇంకో మనిషి ఉండాలి అన్నది కూడా కొలవండి.

ఇంగ్లండులో ఉండే మా పిన్ని కొడుకు చెప్పాడు, అక్కడ ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం చూసుకోవడానికి అర్హత తేల్చేటప్పుడు 12 అంశాలు చూస్తారట, నడక అందులో ఒకటి మాత్రమే, గ్రహింపు, ప్రవర్తన విడివిడిగా ఉంటాయట. అక్కడా అందరికీ రాదు, జబ్బు పేరు చెప్పగానే ఇచ్చేయరు, పోట్లాడాల్సిందేనట. కానీ అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద ఉన్నాయి. అంత దూరం ఎందుకు, కేరళలో మంచాన పడినవాళ్లనూ సొంతంగా ఏమీ చేసుకోలేనివాళ్లనూ చూసుకుంటూ పనికి వెళ్లలేకపోయిన ఇంటి మనిషికి ఆశ్వాసకిరణం కింద నెలకు 600 రూపాయలు పెట్టారు. చిన్న మొత్తమే. అయినా ఆ డబ్బు చూసుకునే మనిషి పేరు మీద ఇస్తారు.

పోనీ కొన్నాళ్లు ఎక్కడైనా ఉంచుదామా అంటే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి తగ్గకుండా, అంటుంది. అది నిరుపేదల కోసం, పైగా ఏర్పాటు చేయవచ్చు అన్నారే గానీ చేయాలి అనలేదు. మేం అడిగిన ఒకటి రెండు ఆశ్రమాల్లో మతిమరుపు ఉన్నవాళ్లను చేర్చుకోం అన్నారు, గేటు దాటి వెళ్లిపోతే బాధ్యత ఎవరిదని. హైదరాబాద్‌లో ప్రైవేటు చోట నెలకు 45 వేలు చెప్పారు. జిల్లా ఆసుపత్రి పక్కన పగలు మాత్రం చూసుకునే ఒక కేంద్రం ఉన్నా నాలాంటివాళ్లు మళ్లీ ఉద్యోగానికి వెళ్తారు. దేశంలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని, అరవై దాటినవాళ్లలో 7.4 శాతమని 2023లో వచ్చిన పరిశోధన లెక్క. అందులో మన ఊళ్లవాళ్లు ఉండరా?

ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి వచ్చే అమ్మాయి చాలా ఓపికగా ఉంటుంది. అమ్మ ఆ మెషీన్ చూసి చెయ్యి వెనక్కి లాక్కుంటే, పిల్లలకు చెప్పినట్టు చెప్పి, రెండుసార్లయినా వచ్చి వేలిముద్ర తీసుకుంటుంది. పై వాళ్లకు ఏమైనా రాయగలవా తల్లీ అని అడిగితే, మా ఫోన్‌లో ఆ కాలమ్ లేదక్కా అంది.

వచ్చే సోమవారం గుంటూరు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తున్నాను. డిమెన్షియా తీవ్రంగా ఉన్నవాళ్లను 15 వేల పింఛనులో చేర్చాలని, జిల్లాకు ఒక పగటి సంరక్షణ కేంద్రం పెట్టాలని, రెండే అడుగుతున్నాను. ఇలాంటి అమ్మో నాన్నో ఇంట్లో ఉన్నవాళ్లు మీ జిల్లాలో మీరూ ఇవ్వండి, రసీదు నంబరు తీసుకోవడం మర్చిపోకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి