మాస్ పాటలో సంగీతం లేదనకండి

సంపాదకులకు నమస్కారం,

గంగమ్మ జాతరలో సినిమా పాట మోగగానే ‘ఇదీ ఒక సంగీతమేనా’ అని ఈసడించేవాళ్లు మన తిరుపతిలో చాలామందే. ఆడపిల్లలకు కోలాటం నేర్పేదాన్ని కాబట్టి చెబుతున్నా, ఆ మాట అన్యాయం.

చాలా మాస్ పాటలది తిశ్ర నడక. ఒక్కో దెబ్బ మూడు సమభాగాలుగా విరుగుతుంది, కాలు దానంతటదే లేస్తుంది. పల్లవి నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతుంది గనుక పాట రానివాళ్లూ అందుకుంటారు. చరణం పైస్థాయికి ఎక్కి మళ్లీ పల్లవి మీదికి దిగుతుంది చూడండి, మా పిల్లల కర్రలన్నీ అక్కడే ఒక్కసారిగా కలుస్తాయి. నేర్పక్కర్లేదు, చెవే చెబుతుంది. అన్నమయ్య (1408–1503) పదాలకూ పల్లవీ చరణాలే. జాజర, గొబ్బి, సువ్వి, లాలి వంటి జనం బాణీల్లోనూ ఆయన రాశారు. తిరుమల కొండ మీద రాగిరేకుల్లో దాచిన ఆయన పాటల్లో అవీ ఉన్నాయి.

నా బాధల్లా డీజే బాక్సులతోనే. గుండెలదిరే ఆ బేస్‌లో మాటా వినపడదు, పక్కనున్న డప్పూ వినపడదు. ఈసారి జాతరలో సాయంత్రం ఒక గంటైనా బాక్సులు ఆపించి, డప్పు కళాకారులకు, కోలాటం బృందాలకు చోటివ్వాలని నిర్వాహకులను కోరుతున్నాను.

– ఒక కోలాటం టీచర్, తిరుపతి