ముంజేతి అంకెలకు ముద్ర ఏది?

సంపాదకులకు నమస్కారం.

వ్యాయామ రంగంలో వస్తున్న మార్పుల మీద మీ పత్రిక ఇటీవల ప్రచురించిన వ్యాసం చదివాను. స్మార్ట్ వాచీలు, ఇంట్లో నుంచే ఆన్‌లైన్ శిక్షణ, కృత్రిమ మేధ తయారుచేసే వ్యాయామ ప్రణాళికలు, బరువు తగ్గించే ఇంజెక్షన్లు, వాటి వెంట మళ్లీ ఆదరణ పెరిగిన కండర సాధన, ఇలా అన్నింటినీ వ్యాసకర్త ప్రస్తావించారు గానీ, వీటిలో చాలావాటికి ఆధారమైన అంకెలు ఎంతవరకు నిజమో, వాటిని సరిచూసేవారెవరో ఒక్క మాటైనా రాయలేదు. ముప్పై ఏళ్లకు పైగా భౌతిక శాస్త్రం బోధించి, దోషం ఎంతో, అంటే ఎంతమేర తప్పి ఉండవచ్చో, చెప్పని కొలతకు మార్కులు వేయక విద్యార్థుల చేత తిట్లు తిన్నవాణ్ని కనుక ఆ లోటు నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఏటా ఈ రంగంలోని నిపుణులను అడిగి వెలువరించే ప్రపంచ సర్వేలో ఒంటికి ధరించే పరికరాలు 2016లో అగ్రస్థానానికి చేరాయి. ఆ తరువాత కూడా చాలా ఏళ్లు ఆ స్థానం వాటిదే. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అన్నారు పెద్దలు. ఇప్పుడా కంకణమే అద్దమై కూర్చుంది. అద్దం నిక్కచ్చిగా చూపిస్తోందా అన్నదే నా సందేహం.

మా అమ్మాయి కొనిచ్చిన వాచీని ఎడమ చేతికి, అల్లుడి దగ్గర అడిగి తెచ్చుకున్న మరో కంపెనీ వాచీని కుడి చేతికి కట్టుకుని ఒకే దారిన గంటసేపు నడిచాను. నేను 6,120 అడుగులు వేశానని ఒకటి అంది, 6,790 అని రెండోది అంది. మనవరాలి తోపుడు బండిని రెండు చేతులా పట్టుకుని నడిచిన రోజున రెండూ కలిసికట్టుగా సగం అడుగులు మింగేశాయి. నిలబడినచోటు నుంచి కదలకుండా పళ్లు తోముకుంటున్నప్పుడు మాత్రం కుడిచేతి వాచీ ఉదారంగా మరో నలభై అడుగులు జమ చేసింది. ఇందులో వింతేమీ లేదు. మణికట్టు మీది పరికరానికి మన పాదాలు కనబడవు. చేయి ఊగే తీరును బట్టి అడుగును ఊహిస్తుంది, అంతే.

నాడి విషయం కొంత నయం. చీకట్లో వాచీని తిప్పి చూస్తే అడుగున ఆకుపచ్చ దీపం మిణుకుమంటూ కనబడుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింది నాళాల్లో రక్తం పెరిగి తగ్గుతుంది. రక్తం ఆ పచ్చని వెలుతురును పీల్చుకుంటుంది కనుక, తిరిగొచ్చే వెలుతురులోని హెచ్చుతగ్గులను లెక్కపెట్టి వాచీ నాడి చెబుతుంది. పట్టీ వదులైనా, పచ్చబొట్టు అడ్డొచ్చినా, చేయి గట్టిగా కదిలినా ఆ లెక్క తప్పవచ్చు. అయినప్పటికీ అది కొలతే. కేలరీల సంగతి అలా కాదు. ఖర్చయిన శక్తిని ప్రయోగశాలలో తేల్చాలంటే ముఖానికి మాస్కు తొడిగి, పీల్చిన ఆక్సిజన్‌ను, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కించాలి. ఏ వాచీ ఆ పని చేయదు. నాడి, కదలిక, మనం నమోదు చేసిన వయసు, బరువు వంటివాటిని ఒక సూత్రంలో వేసి, వచ్చిన జవాబును కొలిచినంత ధీమాగా చూపిస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మందితో ఏడు రకాల పరికరాలను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. నాడి విషయంలో ఆరు పరికరాల దోషం 5 శాతం లోపే ఉంది. కేలరీల్లో మాత్రం అన్నింటిలోకీ మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం తప్పింది. అవి పాత పరికరాలు కదా అనవచ్చు. నిజమే, కొత్తవి మెరుగయ్యే ఉంటాయి. ఎంత మెరుగయ్యాయో పెట్టె మీద రాయడానికి తయారీదారులకు అభ్యంతరమెందుకో నాకు అర్థం కాదు.

ఈ అంకెలు వాచీలోనే ఉండిపోతే ఇంత బాధ లేదు. నాలుగు వందల కేలరీలు ఖర్చయ్యాయని తెర చెప్పింది కాబట్టి అంత మేరకు తినవచ్చనుకునేవారు, హాయిగా నిద్రపోయి లేచి కూడా నిద్రకు వాచీ వేసిన మార్కులు చూసి నీరసపడేవారు మన చుట్టూనే ఉన్నారు. ఈ రెండో రకం ఆందోళనకు 2017లో కొందరు అమెరికన్ నిపుణులు ‘ఆర్థోసోమ్నియా’ అని పేరే పెట్టారు. రోజుకు పదివేల అడుగులన్న లక్ష్యం సంగతి మరీ తమాషా. 1964 టోక్యో ఒలింపిక్స్ ముగిసిన మరుసటి ఏడాది జపాన్‌లో ఒక అడుగుల మీటరు ‘మాన్‌పో కేయ్’, అంటే పదివేల అడుగుల మీటరు, అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది. పేరు ముందు పుట్టింది, పరిశోధన తరువాత మొదలైంది. సగటున 72 ఏళ్ల వయసున్న మహిళలపై అమెరికాలో జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాల రేటు స్పష్టంగా తక్కువగా ఉండగా, సుమారు 7,500 దాటాక అదనపు ప్రయోజనం కనబడలేదు. అయినా పదివేలకు చేరనందుకు రాత్రి పదకొండింటికి వరండాలో గిరికీలు కొట్టే పెద్దమనుషులను నేనెరుగుదును. (అందులో ఒకరు నాకు బాగా దగ్గరివారు, అద్దంలో కనబడుతూ ఉంటారు.)

మన ఒంటి వివరాలు ఎక్కడికి పోతున్నాయన్నది మరో ప్రశ్న. పరుగుల నమోదుకు వాడే స్ట్రావా యాప్ వినియోగదారుల కదలికలతో గీసిన పటంలో సైనిక స్థావరాల రూపురేఖలు కనబడుతున్నాయని 2018 జనవరిలో బయటపడింది. అదే ఏడాది, తిన్నది రాసుకునే మైఫిట్‌నెస్‌పాల్ యాప్ నుంచి దాదాపు 15 కోట్ల ఖాతాల వివరాలు దొంగల పాలయ్యాయి. పరికరం కొన్నవారికే వారి సొంత అంకెల్లో కొన్నింటిని నెలనెలా చందా కడితే తప్ప చూపించని పద్ధతి కూడా ఇప్పుడు మామూలైపోయింది.

సరుకులు తూచే త్రాసుకు ముద్ర ఉండాలని, గడువు దాటితే మళ్లీ సరిచూడాలని చట్టాలు ఉన్నాయి. వాచీల్లో గుండె లయను నమోదు చేసే ఇసిజి వంటి సదుపాయాలకు అమెరికాలో వైద్య పరికరాల నియంత్రణ సంస్థ అనుమతి అవసరమవుతోంది. అడుగులు, కేలరీలు, నిద్ర మార్కులు మాత్రం సాధారణ ఆరోగ్య సాధనాల కింద ఆ కంచె దాటిపోతున్నాయి. తూనికలు, కొలతలు చూసే విభాగాలు వీటినీ తమ పరిధిలోకి తెచ్చుకుని, ప్రతి అంకెకు దోష శాతం ఎంతో, ఎలాంటి మనుషుల మీద పరీక్షించారో పెట్టె మీద ముద్రించాలని, కొలవకుండా లెక్కగట్టిన అంకె పక్కన ‘అంచనా’ అన్న మాట తెర మీదే కనబడాలని నిబంధన పెట్టాలి. వాచీ వదిలేసిన రోజున మన వివరాలను పూర్తిగా చెరిపేయించుకునే హక్కు కూడా ఉండాలి.

అంతవరకు మీ పత్రిక చేయగలిగిన పని ఒకటుంది. ఇలాంటి పరికరాల సమీక్షలు ప్రచురించేటప్పుడు రంగులు, బ్యాటరీ కాలంతో పాటు దోష శాతం ఎంతో తయారీదారును అడగండి; జవాబు రాకపోతే, రాలేదనే అచ్చువేయండి.

భవదీయుడు,
పదవీ విరమణ చేసిన ఒక భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు