విదేశీ పాత కారుకు ఆర్సీ ఇచ్చే ముందు: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పాత కార్లు కొని అమ్మేవాళ్లం, వాటిని బాగుచేసే మెకానిక్‌లం కలిసి రాస్తున్నాం. దిగుమతి రూల్సు ఢిల్లీవి, సుంకం కస్టమ్స్‌ది. ఆర్సీ మాత్రం మీ చేతిలో ఉంది. విదేశం నుంచి వచ్చిన పాత కారును మా జిల్లాల టీజీ 05 నంబరులోనో టీజీ 06 నంబరులోనో ఎక్కించే ముందు కస్టమ్స్ కాగితం అసలుదో కాదో మీ ఆఫీసులోనే తేల్చాలన్నది మా విన్నపం.

ముందు లెక్క. కారు ధర, ఓడ కిరాయి, బీమా కలిపి 15 లక్షలు అనుకోండి. పాత కారు మీద 2025 బడ్జెట్ తర్వాత బేసిక్ సుంకం 70 శాతం, దానికి తోడు వ్యవసాయ సెస్సు 67.5 శాతం. పేరు మారింది గానీ మొత్తం పాత 137.5 శాతమే. అంటే 20 లక్షల 62 వేల 500. ఇప్పుడు 35 లక్షల 62 వేల 500 అయిన ఆ మొత్తం మీద దిగుమతికి పడే జీఎస్టీ (ఐజీఎస్టీ) 40 శాతం, మరో 14 లక్షల 25 వేలు. ముంబై రేవు గేటు దాటేసరికి 15 లక్షల బండి 49 లక్షల 87 వేల 500కు తేలుతుంది. నాలుగు మీటర్లలోపు చిన్న పెట్రోలు బండికి ఐజీఎస్టీ 18 శాతమే అయినా 42 లక్షలు దాటుతుంది. ఆపైన మన లైఫ్ ట్యాక్స్. 20 లక్షలు దాటిన కార్లకు 2022 మేలో అది 18 శాతం ఉండేది.

చౌకగా దొరికిందని బిల్లు చూపిస్తే కస్టమ్స్ అదే ధర ఒప్పుకోవాలని లేదు. సాధారణంగా ఆ మోడల్ కొత్తప్పటి ధర తీసుకుని, ప్రతి మూడు నెలలకు మొదటి ఏడాది 4 శాతం, రెండో ఏడాది 3, మూడో ఏడాది 2.5 చొప్పున తరుగు తీస్తారు. రెండేళ్ల కారుకు తగ్గేది 28 శాతమే. వేలంలో సగం ధరకు కొన్నానన్న మాట అక్కడ చెల్లదు.

ఇంత కట్టడానికి సిద్ధపడినా ప్రతి కారూ రాదు. తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగు కుడివైపే ఉండాలి. స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉండాలి. హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే రోడ్లకు సరిపడాలి. కనీసం ఐదేళ్లు నడిచే సత్తా, ఆ ఐదేళ్లూ సర్వీసు ఇస్తామన్న హామీ కావాలి. ఓడ ఎక్కించే ముందు తనిఖీ సర్టిఫికెట్, దిగాక పుణెలోని వాహన పరీక్షా సంస్థ ఏఆర్‌ఏఐ లాంటి చోట పరీక్ష తప్పవు. పాత కారు దిగాల్సింది ముంబై రేవులోనే.

దుబాయి, సౌదీ, కువైట్, అమెరికా బళ్లన్నీ ఎడమ స్టీరింగువి. గల్ఫ్‌లో పదేళ్లు కష్టపడి వచ్చేవాళ్లు వాడిన కారు తెచ్చుకుందామని ఏజెంటుకు అడ్వాన్సు ఇస్తే ఆ డబ్బు నీళ్లపాలే. మకాం మార్చి వస్తున్నాం గనుక బ్యాగేజీలో మినహాయింపు ఉంటుందని కొందరు ఏజెంట్లు చెబుతారు. కారుకు అది వర్తించదు. బ్రిటన్ బళ్లది కుడి స్టీరింగే, కానీ మీటరు మైళ్లలో ఉంటుంది.

మిగిలింది జపాన్. అక్కడి వేలంలో బండి పరిస్థితి రాసి ఇచ్చే షీటులో ఆర్ అనో ఆర్‌ఏ అనో ఉంటే యాక్సిడెంటై బాగుచేసిన బండి. మంచు పడే చోట రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ బండి అడుగు తుప్పు పడుతుంది, ఫొటోలో కనబడదు. జపాన్‌లో అమ్మే బళ్లకు 17 అక్షరాల చాసిస్ నంబరు ఉండదు, పొట్టి ఫ్రేమ్ నంబరే ఉంటుంది. దాన్నుంచి తయారీ ఏడాది చదవలేం. వాళ్ల రేడియోకు మన ఎఫ్‌ఎం స్టేషన్లు చాలావరకు అందవు, అది చిన్న బాధ. అద్దం పగిలితే, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు పోతే ఆ మోడల్ ఇక్కడ అమ్మని కంపెనీ సర్వీసు సెంటరులో పార్టు నంబరే దొరకదు. బండి వారాల తరబడి షెడ్డులో నిలబడుతుంది.

ఇంత ఖర్చు, ఇంత తంటా ఉంది గనుకే దొంగదారులు పుట్టాయి. 2025లో దిగుమతి కార్ల విలువ తగ్గించి చూపారన్న ఆరోపణ మీద హైదరాబాద్ డీలరు ఒకరిని కేంద్ర రెవెన్యూ నిఘా విభాగం డీఆర్‌ఐ అరెస్టు చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో భూటాన్ మీదుగా వచ్చిన కార్ల కోసం కేరళలో కస్టమ్స్ సోదాలు చేసింది. ఇలాంటి బండి మొదట ఏదో రాష్ట్రంలో రిజిస్టరై, రెండు చేతులు మారి, అక్కడి ఆఫీసు ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ)తో మన దగ్గరికి వస్తుంది. కొన్నవాడి చేతిలో ఆర్సీ ఉంటుంది, ఇన్సూరెన్సు ఉంటుంది. అయినా సుంకం ఎగ్గొట్టిన బండిని కస్టమ్స్ చట్టం 1962 కింద ఎవరి ఇంటి ముందున్నా స్వాధీనం చేసుకోవచ్చు.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే కాగితం, దాని నంబరు, తేదీ, రేవు కొడితే అది అసలుదో కాదో కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ వెబ్‌సైటు చెబుతుంది. పాత కారని రాసి రేవు చెన్నై అని ఉంటే అక్కడే ఆపాలి. ఆ బిల్ ఆఫ్ ఎంట్రీలో ‘కొత్తది’ అని ఉంటే సీటుబెల్టు అడుగున కుట్టిన లేబులు, అద్దాల మూలన ఉండే తేదీ గుర్తు చూస్తే అసలు వయసు బయటపడుతుంది. ఎడమ స్టీరింగును కుడికి మార్చిన బండిలో వైపర్లు పాత దిక్కుకే తుడుస్తాయి. హెడ్‌లైటు వెలుగు కుడివైపు పైకి లేస్తుంది. నకిరేకల్ దగ్గరో జడ్చర్ల దగ్గరో రాత్రిపూట ఎదురొచ్చే లారీ డ్రైవరు కళ్లలో పడేది అదే. గోడ మీద వెలుగు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

కాబట్టి దిగుమతి అయిన ప్రతి కారుకూ, మొదటి రిజిస్ట్రేషన్‌కైనా ఎన్‌ఓసీ బదిలీకైనా, ఐస్‌గేట్ తనిఖీ ప్రింటు ఫైలులో పెట్టాలని, చాసిస్ నంబరును ఇన్‌స్పెక్టరు బండి మీదే చూసి సరిపోల్చాలని సర్క్యులరు ఇవ్వండి. లైఫ్ ట్యాక్స్ ఏ విలువ మీద వేస్తారో, బండి వయసు ఎప్పటి నుంచి లెక్కిస్తారో రాతలో చెప్పండి. ఈ రూల్సన్నీ తెలుగులో ఒక బోర్డు మీద రాసి రెండు జిల్లాల రవాణా ఆఫీసుల్లో పెట్టించండి.

ఇప్పటికే ఇలాంటి బండి కొన్నవాళ్ల సంగతీ ఆలోచించండి. వాళ్లు భయపడి ఇంకొకరికి అంటగట్టకముందే, తమ కాగితాలు తెచ్చి మీ ఆఫీసులో సరిచూసుకునే వీలు కల్పించండి.

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత కార్ల వ్యాపారులు, మెకానిక్‌లు