టెన్త్ తర్వాత ఏ గ్రూపు: కాగితం మీద తేల్చుకోవడం నేర్పుతున్నాం

తల్లిదండ్రులకు నమస్కారం.

"మావాణ్ణి ఏ గ్రూపులో చేర్చమంటారు మేడమ్?" అని పదో తరగతి పిల్లల ఇళ్ల నుంచి రోజూ అడుగుతున్నారు. ఆ జవాబు బడి చెప్పకూడదు. ఎలా తేల్చుకోవాలో మాత్రం బడే నేర్పాలి. 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త ఒక ఉద్యోగం ఒప్పుకోవాలా వద్దా అని సలహా అడిగితే, అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఈ మాటే రాశారు. ఏం చేయాలో చెప్పలేను, ఎలా తేల్చుకోవాలో చెబుతానని. కాగితం మధ్యలో గీత గీసి, చేరడానికి కారణాలు ఒకవైపు, వద్దనడానికి కారణాలు ఇంకోవైపు, మూడు నాలుగు రోజుల పాటు తోచినప్పుడల్లా రాసుకోమన్నారు. ఆ మూడు నాలుగు రోజుల గడువే అసలు కిటుకు. ఒక్క పూటలో రాస్తే ఆ పూట మనసులో ఉన్నదే కాగితం మీదికి వస్తుంది.

మా పిల్లలు వేసే పట్టిక కూడా ఒక్క రోజులో పూర్తి కాదు. మొదటి రోజు గ్రూపుల ఊసే ఉండదు. తనకు ఏవేవి ముఖ్యమో రాసి, మొత్తం 10 అయ్యేలా వాటికి వెయిటేజీ పంచాలి. ఇది పెన్నుతో రాసి క్లాస్ టీచర్‌కి ఇచ్చేస్తారు. రెండు రోజులు ఆగాక, ఒక్కో దారికి ఒక్కో అంశంలో 1 నుంచి 5 దాకా మార్కులు పెన్సిలుతో వేస్తారు (ఖర్చు, దూరం తక్కువైతే మార్కులు ఎక్కువ). ఆ తర్వాతే ఒక్కో మార్కును దాని వెయిటేజీతో హెచ్చవేసి కూడడం.

ఉదాహరణకు ఇష్టానికి 4, ఖర్చుకు 3, ముందున్న అవకాశాలకు 2, దూరానికి 1 ఇచ్చారనుకోండి. ఇదే వరుసలో ఎంపీసీకి 3, 3, 5, 4 వేస్తే మొత్తం 35 వస్తుంది. పాలిటెక్నిక్‌కి 4, 4, 3, 2 వేస్తే 36. బైపీసీకి 2, 2, 4, 4 వేస్తే 26. పాలిటెక్నిక్ గెలిచిందని ఇక్కడ ఆగిపోతే పొరపాటే. ఒక్క మార్కు తేడా తేడానే కాదు. ఖర్చు వెయిటేజీ 2కి తగ్గించి, అవకాశాలకు 3 ఇచ్చి చూడండి: ఎంపీసీ 37, పాలిటెక్నిక్ 35. ఫలితం తిరగబడింది. బైపీసీ మాత్రం 28 దగ్గరే ఉండిపోయింది, దాన్ని నిశ్చింతగా పక్కన పెట్టవచ్చు. మిగతా రెండింటి సంగతి ఫీజు ఇంటికి ఎంత భారమన్న ఒక్క ప్రశ్న మీద ఆగి ఉంది. ఇంట్లో మాట్లాడాల్సింది దాని గురించే.

ఎక్కువగా తప్పు జరిగేది ఒక చోట. స్నేహితుడు చేరుతున్న గ్రూపును ముందే మనసులో పెట్టుకుని, అది గెలిచేదాకా అంకెలు మారుస్తారు. వెయిటేజీ ముందే పెన్నుతో రాయించేది ఇందుకే. పెన్సిలు అంకె రెండు మూడుసార్లు చెరిపిన చోట కాగితం పల్చబడి, కింద పాత అంకె లీలగా కనబడుతుంది. అక్కడ వేలు పెట్టి, "ముందు ఎంత వేశావు నాన్నా, ఎందుకు మార్చావు?" అని నెమ్మదిగా అడగండి. కోప్పడకండి, అసలు కారణం అక్కడే బయటికి వస్తుంది.

అవకాశాలకు మార్కులు వేసేటప్పుడు ఏ దారి ఎక్కడ మూసుకుపోతుందో తెలియాలి. ఎంపీసీ చదివినవాళ్లు తర్వాత సీఏకి, లాకి మళ్లవచ్చు. లెక్కలు లేని సీఈసీలో చేరినవాళ్లకు ఇంజనీరింగ్ వైపు దారి ఉండదు. పాలిటెక్నిక్ మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. వెనక్కి రాలేని దారికి ఎక్కువ రోజులు ఆలోచించాలి, మార్చుకోగలిగే దానికి అంత అక్కర్లేదు.

చివరిగా ఒక పేజీ రాయిస్తాం. "వచ్చే సంక్రాంతికి ఇంటికి వచ్చావు. ఈ గ్రూపు తీసుకోకుండా ఉండాల్సింది అనిపిస్తోంది. ఎందుకు?" దీనికి మూడు కారణాలు, ఒక్కోదాని పక్కన ఇప్పుడే చేయగలిగే పని ఒకటి. లెక్కలు అందలేదని రాసినవారు ఇంటర్ మొదటి ఏడాది లెక్కల పుస్తకం తెచ్చుకుని ఒక పాఠం చేసి చూడాలి. హాస్టల్ పడలేదని రాసినవారు ఆ హాస్టల్‌కి వెళ్లి, అక్కడి పిల్లలతో మాట్లాడి రావాలి. "బాగా చదువుతాను" అని రాస్తే ఒప్పుకోం, అది చేయగలిగే పని కాదు.

మీరు కూడా ఇలాంటి పట్టికే వేయండి, కానీ పిల్లల కాగితం చూడకముందే. అమ్మ ఒకటి, నాన్న ఒకటి, విడివిడిగా. రాసే ముందు మీ అంకెలు పైకి చెప్పవద్దు, చెబితే పిల్లలు అవే దించుతారు. ఖర్చు అంకె మాత్రం నిజంగా ఎంత కట్టగలరో లెక్క చూసుకుని వేయండి. ఆ సంగతి పిల్లలకు తెలియడంలో చిన్నతనం ఏమీ లేదు.

శనివారం సమావేశానికి మూడు కాగితాలూ తీసుకురండి. ఒకే అంశంలో రెండు మార్కులకు మించి తేడా ఉన్న గళ్లకు సున్నా చుట్టి ఉంచండి, వాటి దగ్గరే మాట మొదలుపెడదాం. చెరిపిన అంకెలు తిరగరాయకుండా అలాగే తెండి.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు