నవంబర్ 2న మన ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) గారి సమాధి దగ్గర ప్రార్థన

అందరికీ వందనాలు. నవంబర్ 2 సమాధుల పండగ కదా, ఆర్‌ఐ గారు పోయాక వస్తున్న మొదటిది, అందుకని సాయంత్రం 4కల్లా అందరూ సమాధుల తోటకి రండి. జపమాల, ఫాదర్ గారి ఆశీర్వాదం అయ్యాక గుడిలో ఆయన పేరున పూజ ఉంది.

1వ తేదీ పొద్దున్నే 7కి కుర్రోళ్ళు సున్నం, చీపుర్లు తీసుకుని రావాలి, పక్కన ఎవరూ రాని సమాధులుంటే అవి కూడా శుభ్రం చేద్దాం, ఆయన ఏటా అదే చేసేవారు. ఇంటికో పాకెట్ కొవ్వొత్తులు, బంతిపూలు చాలు, పెద్ద దండలొద్దు.

2021 నవంబర్లో పెన్నాకి వరదొచ్చినప్పుడు చూశాం గదా, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి క్యాంపులో గరిటె పట్టుకుని వడ్డించారు, చొక్కా జేబులో జపమాల మాత్రం తడవకుండా కవర్లో చుట్టి పెట్టుకున్నారు. అంత పనిలోనూ రాత్రి ఇంట్లో కుటుంబ ప్రార్థన టైముకి ఫోన్ చేసి పిల్లలతో కలిసి పరలోక జపం చెప్పేవారు. పింఛను అర్జీలు రాయించుకున్న అవ్వలు ఇప్పటికీ ఆయన్నే అడుగుతున్నారు, వాళ్ళని మీ బండ్ల మీద ఎక్కించుకుని రండి అబ్బయా.

ఆర్‌ఐ గారింట్లో అమ్మగారికి ఎవరూ ఫోన్లు చేసి ఇబ్బంది పెట్టొద్దు. వచ్చేవాళ్ళు ఈరోజు రాత్రికల్లా ఇక్కడే చెప్పండి, టీ నీళ్ళకి లెక్క కావాలి. వానొస్తే గొడుగులు మర్చిపోవద్దు.