పేరు జారిపోయే చోట్లు

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు దగ్గరపడితే కానూరు, వడ్డేశ్వరం, నీరుకొండ, ఐనవోలు కాలేజీల దారుల్లో సదస్సుల ఫ్లెక్సీలు లేస్తాయి. వాటికి వచ్చే ఇంజనీర్లలో, పరిశోధకుల్లో ఎల్‌జీబీటీ వాళ్లూ (స్వలింగ, ద్విలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు) ఉంటారు. వాళ్లంతా ఒకచోట కూర్చుని తమ పని గురించి, ఉద్యోగం గురించి మాట్లాడుకునే సదస్సు విజయవాడలోనో గుంటూరులోనో పెట్టుకోవచ్చు. పెట్టాలనుకునేవాళ్లకూ, హాలు ఇచ్చే హోటళ్లకూ, కాలేజీలకూ ఈ ఉత్తరం.

ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) చదివినవాళ్లకు వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్పుల డిజైన్ పాఠంలో, చిప్పు మీద గీతల కొలతలు చెప్పే లాంబ్డా రూల్స్ గుర్తుంటాయి. ప్రొఫెసర్ కార్వర్ మీడ్‌తో కలిసి ఆ పద్ధతిని తరగతి గదుల్లోకి తెచ్చిన ఇంజనీరు లిన్ కాన్వేను, స్త్రీగా మారబోతున్నానని చెప్పినందుకు 1968లో ఐబీఎం తీసేసింది. ఆమె కొత్త పేరుతో కింది మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టి, దాదాపు మూడు దశాబ్దాలు పాత సంగతి బయటకు రానివ్వలేదు. ఐబీఎం క్షమాపణ 2020లో వచ్చింది, 52 ఏళ్ల తర్వాత. మన దగ్గర 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఐపీసీ 377 సెక్షన్ మీద ఇచ్చిన తీర్పుతో స్వలింగ సంబంధాలు నేరమన్న ముద్ర పోయింది. ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగంలో, చదువులో వివక్ష కూడదని 2019 చట్టం చెబుతోంది, సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలనీ చెబుతోంది. గే, లెస్బియన్ ఉద్యోగిని ప్రైవేటు కంపెనీ ఆ కారణంతో తీసేస్తే పట్టుకోవడానికి అలాంటి చట్టం లేదు. అందుకే ఈ సదస్సులో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది, వచ్చినవాళ్ల పేరు వాళ్లకు తెలియకుండా బయటకు పోకుండా. హాలు, భోజనాలు ఆ తర్వాత.

పేరు ఎక్కువగా జారిపోయేది రిజిస్ట్రేషన్ దగ్గరే. గూగుల్ ఫామ్‌లో జవాబుల సారాంశం అందరికీ చూపించే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఫామ్ నింపిన ప్రతివాళ్లూ మిగతావాళ్ల జవాబులు చూడగలరు. వెనకున్న షీటును ‘లింకు ఉన్న ఎవరైనా’ అని పెట్టి వాలంటీర్ల గ్రూపులో వేస్తే ఇక దానికి హద్దు లేదు. ఫామ్‌లో పేరుకు రెండు గడులు పెట్టండి: బ్యాడ్జి మీద ఏమని రాయాలి, బిల్లు మీద ఏమని రాయాలి. లింగం, లైంగికత అడగకండి. భోజనం లెక్కకు అవి అక్కర్లేదు. ఆఫీసు మెయిల్ వాడొద్దని ఫామ్ పైనే రాయండి, దాన్ని కంపెనీ ఐటీ విభాగం చూడగలదు. అందరికీ ఒకే మెయిల్ పంపేటప్పుడు చిరునామాలు ఒకరివి మరొకరికి కనపడని బీసీసీ గడిలోనే వేయాలి. క్యాలెండర్ ఆహ్వానంలో అతిథుల జాబితా మామూలుగా అందరికీ కనిపిస్తుంది, ఆపాల్సింది పంపేవాళ్లే. వాట్సాప్ గ్రూపు అయితే సభ్యుల నంబర్లన్నీ బయటే ఉంటాయి. ఒకే సందేశం ఒక్కొక్కరికీ విడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు, కానీ మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు సందేశం చేరదు, మనకేమీ రాలేదే అని వాళ్లు అనుకుంటారు. ముందే చెప్పి సేవ్ చేయించుకోవాలి.

డబ్బు దగ్గర ఇంకో చిక్కు. యూపీఐలో కట్టినవాళ్లకు బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు మీకు కనిపిస్తుంది, మీ ఖాతా పేరు వాళ్ల స్టేట్‌మెంట్లో పడుతుంది. ఇంట్లో నాన్నతో కలిపి ఉన్న ఖాతా అయితే ఆ ఒక్క వరుస చాలు. కాబట్టి డబ్బు వచ్చే ఖాతాకూ, రసీదుకూ మామూలు పేరు ఉండాలి, ‘టెక్నికల్ వర్క్‌షాప్’ లాంటిది. కంపెనీలో ఖర్చు రాబట్టుకోవడానికీ అదే పనికొస్తుంది.

హోటల్ లాబీలో లిఫ్టు పక్కన ‘నేటి కార్యక్రమాలు’ అని తెర ఉంటుంది. దాని మీద ఏం వేయాలో హాలు బుక్ చేసేటప్పుడే కాగితం మీద రాసివ్వండి. బస చేసేవాళ్ల ఆధార్ మీద పాత పేరు ఉండొచ్చు, కౌంటర్లో దాన్ని గట్టిగా చదవొద్దని మేనేజరుతో ముందురోజే మాట్లాడాలి. కాలేజీలో పెడితే గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టరులో ‘వచ్చిన పని’ గడి ఉంటుంది, అక్కడేం రాయాలో వచ్చేవాళ్లకు చెప్పండి. హాలుకు దగ్గర్లో ఆడ, మగ బోర్డు లేని మరుగుదొడ్డి ఒక్కటైనా ఉండాలి. అది ఎటు ఉందో కార్యక్రమ పత్రంలో అచ్చువేస్తే ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

ఫొటోల కోసం బ్యాడ్జి వేలాడే మెడతాళ్లు రెండు రంగుల్లో పెట్టడం మంచి పద్ధతి: ఒక రంగు తీయొచ్చని, ఇంకోటి వద్దని. ఎరుపు, ఆకుపచ్చ మాత్రం పెట్టకండి, ఆ రెండిటికీ తేడా కనిపించనివాళ్లు ఉంటారు. పసుపు, నలుపు తేలికగా తెలుస్తాయి. అయినా ఫొటోగ్రాఫర్ దూరం నుంచి హాలంతా తీస్తే మెడతాడు కనపడదు. అందుకే వెనక నాలుగు వరుసలు కెమెరా రాని చోటుగా వదిలేయాలి. లైవ్ ఇస్తే కెమెరా వేదిక వైపే ఉండాలి. ప్రశ్నలు చీటీల మీద తీసుకుంటే గొంతు కూడా రికార్డు కాదు. మధ్యాహ్నం బయటకు వెళ్లేటప్పుడు బ్యాడ్జి తీసి జేబులో వేసుకోమని మైకులో చెప్పండి. అందరూ మరిచిపోయేది ఇదే, బెంజ్ సర్కిల్ హోటళ్లలో ఎవరి ఆఫీసువాళ్లు ఎదురుపడతారో తెలియదు.

పేపరు సమర్పించేవాళ్లు పేరు మార్చుకుని ఉంటే పాత ప్రచురణలను పరిశోధకులకు ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) గుర్తింపు నంబరుతో అడగండి. పాత పేరు వేదిక మీద చదివే పని తప్పుతుంది. సర్టిఫికెట్ అచ్చుకు ముందు పేరు ఎవరిది వాళ్లకే ఒకసారి చూపించండి.

అంతా అయ్యాక షీటు తొలగించాలి. డిలీట్ కొట్టినా గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, అక్కడా ఖాళీ చేయాలి. వాలంటీర్లు తమ ల్యాప్‌టాపుల్లో దించుకున్న నకళ్లు, రిజిస్ట్రేషన్ బల్ల మీద వదిలేసిన ప్రింటు కాగితాలు ఏమయ్యాయో ఆ సాయంత్రమే ఒకరు బాధ్యత తీసుకుని చూడాలి.

మా పేర్లు ప్రచురించవద్దని మనవి.

– సైన్స్ సదస్సుల ఏర్పాట్లు చూసే కొందరు,
విజయవాడ, గుంటూరు