బ్లీచ్ ఆపేశాను, ఆ నైట్ క్రీమూ ఆపేశాను: ఎందుకో మీకు చెప్పాలి

బెంగళూరు మారతహళ్లిలో మన రెండు కుర్చీల పార్లర్‌కి వచ్చే అందరికీ నమస్తే. ఈ నెల నుంచి కొన్ని రేట్లు మారుతున్నాయి, కొన్ని సర్వీసులు పూర్తిగా తీసేస్తున్నాను. కౌంటర్ దగ్గర కాగితం అంటించి ఊరుకోవచ్చు. కానీ దీని వెనకాల నా తప్పు ఒకటి ఉంది. అది నా నోటితో నేను చెప్పడమే న్యాయం.

రెండేళ్ల కిందట ఒక సేల్స్ అతను గోధుమరంగు మూత ఉన్న చిన్న డబ్బాల్లో నైట్ క్రీమ్ తెచ్చాడు. దాని మీద తయారీదారు పేరు లేదు, ఏమేం కలిపారో రాయలేదు, బ్యాచ్ నంబర్ లేదు. "అంతా హెర్బల్ మేడం, పది రోజుల్లో మచ్చలు మాయం" అన్నాడు. ముందు నేనే రాసుకుని చూశాను. వారం తిరిగేసరికి ముఖం తేటగా అయింది. అంత తొందరగా అయినప్పుడే అనుమానం రావాల్సింది, నాకేమో సంబరం వచ్చింది. 120 రూపాయలకు కొన్నది 350కి అమ్మాను. ఐదు నెలల్లో నలభై డబ్బాల దాకా పోయాయి.

పక్క వీధి పీజీ హాస్టల్లో ఉండే ఒంగోలు అమ్మాయి సంక్రాంతికి ఊరెళుతూ డబ్బా ఇక్కడే మర్చిపోయింది. ఊళ్లో నాలుగో రోజుకి ముఖమంతా ఎర్రబడి మంట, తర్వాత గుత్తులు గుత్తులుగా మొటిమలు. తిరిగొచ్చి నేరుగా పార్లర్‌కే వచ్చింది. "అక్కా, అద్దంలో చూసుకోలేకపోతున్నా" అంది. నేనే వెంటబెట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆ డాక్టరమ్మ అమ్మాయి ముఖమూ, డబ్బా రెండూ చూసి, ఇందులో స్టెరాయిడ్ కలిపినట్టుంది, ఇలాంటి ముఖాలు వారానికి ఎన్నో చూస్తున్నాం అన్నారు. స్టెరాయిడ్ రాస్తే మొదట్లో వాపు, ఎరుపు తగ్గి చర్మం తేటబడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, సన్నని ఎర్ర రక్తనాళాలు తేలతాయి, ఆపగానే మంట మొదలవుతుంది. ఆ మంట తట్టుకోలేక మళ్లీ అదే రాస్తాం. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి చాలా క్రీముల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని రూలు పెట్టిందని నాకు ఆ రోజే తెలిసింది. పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

స్టెరాయిడ్ ఒక్కటే కాదు. పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీముల్లో పాదరసం కూడా దొరుకుతోంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఇలాంటివి వాడినవాళ్లకు కిడ్నీ జబ్బులు బయటపడ్డాయి. ముఖానికి రాసింది కిడ్నీ దాకా పోతుందంటే నేనూ మొదట నమ్మలేదు.

అసలు మన చర్మం సంగతి ఏమిటంటే, చామనఛాయలో గానీ నలుపులో గానీ రంగు తయారుచేసే కణాలు చాలా చురుకు. మొటిమ వాచినా, గిల్లినా, కాలినా, గట్టిగా రుద్దినా అవి రెచ్చిపోయి అక్కడ మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎక్కువ వేస్తాయి. మొటిమ వారంలో పోతుంది, దాని గుర్తు నెలల తరబడి ఉంటుంది. మచ్చ పోగొట్టడానికని మనం పెట్టే మంట కూడా చర్మానికి ఇంకో గాయమే, దానికీ మచ్చ వేస్తుంది. అందుకే బ్లీచ్ తీసేశాను. బ్లీచ్ ముఖం మీది నూగు వెంట్రుకల్ని పసుపుపచ్చగా మారుస్తుంది, అందుకే తెల్లగా అనిపిస్తుంది, మచ్చను అది ముట్టుకోదు. మంట మాత్రం చాలామందికి పుడుతుంది. పార్లర్‌లో పీల్, అంటే యాసిడ్ రాసి చర్మం పైపొర ఊడదీయడం కూడా ఆపేశాను. అది ఎంత శాతం యాసిడ్, ఎన్ని నిమిషాలు అన్నది డాక్టర్ చూసుకోవాల్సిన పని.

ఇంట్లో నిమ్మరసం రాసేవాళ్లకు ఒక మాట. మీ అమ్మమ్మ చెప్పిందే కావచ్చు, కాదనను. నిమ్మరసం చాలా పులుపు, పైగా అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన మచ్చలు పడతాయి. పోయిన ఏప్రిల్‌లో ఒకమ్మాయి నిమ్మరసం రాసుకుని సరిగ్గా కడుక్కోకుండా స్కూటీ మీద సిల్క్ బోర్డ్ జంక్షన్ దాకా వెళ్లింది. బుగ్గ మీద రసం కారిన దారి గీత గీసినట్టు నల్లగా మిగిలింది. వంటసోడా, టూత్‌పేస్ట్ కూడా ముఖానికి వద్దు. శనగపిండితో కడుక్కోండి, తప్పులేదు, కానీ గిన్నె తోమినట్టు తోమకండి.

మరి మచ్చలకు తక్కువ ఖర్చులో ఏం చేయాలి అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ముందు ఒక పరీక్ష. కళ్లు మూసుకుని మచ్చ మీద వేలు పెట్టి నడపండి. నున్నగా ఉంటే అది రంగు మచ్చ, ఓపిక పడితే తగ్గుతుంది. వేలికి గుంట తగిలితే అది చర్మం లోపలి దెబ్బ. ఏ క్రీమూ ఆ గుంట పూడ్చదు, నా ఫేషియల్ అసలే పూడ్చదు. దానికి డాక్టర్లు సన్నని సూదులతో గుచ్చి చేసే మైక్రోనీడ్లింగ్ లాంటివే దారి, అవీ చాలా సిట్టింగులు పడతాయి. ఆన్‌లైన్‌లో సూదుల రోలర్ కొని ఇంట్లో తిప్పుకునే పని మాత్రం పెట్టుకోకండి.

రంగు మచ్చలకైతే డబ్బు మొదట పెట్టాల్సింది సన్‌స్క్రీన్ మీద. బెంగళూరు చల్లగా ఉంటుంది కదా అంటారు. చల్లగా ఉండటం వేరు, ఎండ తగలకపోవడం వేరు. మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైనే ఉంది, ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, పల్చటి మబ్బు వాటిని పెద్దగా ఆపదు. క్యాబ్ కిటికీ అద్దంలోంచి కూడా మచ్చను ముదిరించే వెలుగు వస్తుంది. ఎస్‌పీఎఫ్ (ఎండను ఆపే శక్తి అంకె) 30 లేదా ఆపైన, బ్రాడ్ స్పెక్ట్రమ్ (రెండు రకాల అతినీలలోహిత కిరణాలనూ ఆపేది) అని రాసున్నది చాలు, 1200 రూపాయల ట్యూబ్ అక్కర్లేదు. ఖరీదైనది పొదుపుగా పూసుకునేకంటే చవకది ధారాళంగా రాసుకోవడం మేలు. చూపుడు వేలు, మధ్య వేలు మీద పొడవునా పిండితే ఎంత వస్తుందో అంత ముఖానికీ మెడకూ కావాలి. తెల్లగా పూత పడుతుందని బాధపడేవాళ్లు రంగు కలిపినది తీసుకోండి. దాంట్లో ఉండే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుగును కూడా ఆపుతుంది, మన రంగువాళ్లకు అది ఇంకా లాభం. బయట తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. కుదరకపోతే గొడుగో, చున్నీయో.

రాత్రికి నేను ఎక్కువమందికి చెప్పేది అజెలాయిక్ యాసిడ్ 10 శాతం ఉన్న క్రీమ్. మెడికల్ షాపులో చిన్న ట్యూబ్ రెండు మూడొందల్లో వస్తుంది. మొటిమ మీదా పనిచేస్తుంది, అది వదిలిన మచ్చ మీదా పనిచేస్తుంది, నాకు నచ్చింది అందుకే. మొదటి రెండు వారాలు కొంచెం చురచుర, దురద ఉంటాయి, కాబట్టి రోజు విడిచి రోజు మొదలుపెట్టండి. భయపడేవాళ్లకు నయాసినమైడ్ (విటమిన్ బి3 రకం) 5 శాతం ఇంకా మెత్తన. 10 శాతం కొంటే రెట్టింపు పని చేస్తుందనుకోకండి, కొందరికి మంటే మిగులుతుంది. విటమిన్ సీ సీరమ్ గురించి అడుగుతారు. మంచిదే, కానీ సీసా తెరిచాక గోధుమరంగుకి తిరిగిపోతుంది, బడ్జెట్ తక్కువుంటే నా లెక్కలో అది చివర్లో.

మొటిమలు ఇంకా వస్తూనే ఉంటే మచ్చల వెంట పడి లాభం లేదు, కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టే. అడాపలీన్ లాంటి మొటిమల మందులు డాక్టర్ని అడిగే వాడండి, కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు అది ముట్టుకోకూడదు. మచ్చలు తగ్గించే హైడ్రోక్వినోన్ అనే మందు కూడా డాక్టర్ చెప్పినన్ని వారాలే. ఏళ్ల తరబడి రాసుకుంటే మచ్చ తగ్గకపోగా నీలి నలుపు తిరిగే ప్రమాదం ఉంది. నెలసరి సరిగా రాకుండా గడ్డం దగ్గర వెంట్రుకలు, మొటిమలు కలిసి వస్తుంటే నా దగ్గరికి కాదు, లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రైవేటు ఫీజు భారమైతే శివాజీనగర్‌లోని బౌరింగ్ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లాలి, లైను ఉంటుంది, ఒక పూట పోతుంది అనుకుని వెళ్లండి.

ఎన్నాళ్లు పడుతుంది? కనీసం మూడు నెలలు రాశాకే తేడా చూడండి. పైపొరలో ఉన్న గోధుమ మచ్చలు ఆరు నెలలు, ఏడాదిలో బాగా పలచబడతాయి. బూడిద నీలం రంగులో ఉన్నవి లోతుగా ఉన్నాయని అర్థం, వాటికి ఏళ్లు కూడా పట్టొచ్చు. రోజూ అద్దం చూస్తే ఏమీ తెలియదు. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే టైంలో, ఫిల్టర్ లేకుండా ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక మన లెక్కలు. బ్లీచ్, పీల్, ఆ డబ్బాలు కలిపి నెలకు 14 వేల దాకా వచ్చేది. అద్దె అయితే తగ్గలేదు. అందుకని థ్రెడింగ్ 50 నుంచి 60 చేస్తున్నాను, హెయిర్ స్పా మీద 100 పెరుగుతుంది. ఫేషియల్ ఉంటుంది, కానీ "మచ్చలు పోతాయా అక్కా" అంటే పోవనే చెబుతాను. అది గంటసేపు హాయిగా పడుకోవడానికి, అంతే. మొటిమలు ఎర్రగా వాచి ఉన్న ముఖానికి మసాజ్ చేయను, డబ్బిస్తానన్నా చేయను. క్రీములు, సీరమ్‌లు పార్లర్‌లో అమ్మడం పూర్తిగా మానేశాను. కాగితం మీద పేరు రాసిస్తాను, మీకు నచ్చిన షాపులో కొనుక్కోండి.

గోధుమరంగు మూత డబ్బా నా దగ్గర కొన్నవాళ్లు తెచ్చివ్వండి. ఖాళీదైనా సరే, సగం వాడినదైనా సరే, 350 తిరిగిస్తాను. ఇంకా రాస్తున్నవాళ్లు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. డబ్బా చేతిలో పట్టుకుని ముందు స్కిన్ డాక్టర్‌కి చూపించండి, ఎలా ఆపాలో ఆయనో ఆవిడో చెబుతారు. ఆ మొదటి కన్సల్టేషన్ ఫీజు నేను పెట్టుకుంటాను, రసీదు తెస్తే చాలు. ఇప్పటిదాకా పదకొండు మంది వచ్చారు. మిగతావాళ్లలో చాలామంది నంబర్లు నా దగ్గర లేవు, ఇల్లు మారిపోయినవాళ్లూ ఉన్నారు. మీ పీజీలో, మీ ఆఫీసులో ఎవరైనా ఉంటే ఈ మాట వాళ్లకు చేరేయండి. మంగళవారం తప్ప రోజూ పొద్దున పదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా షాపులోనే ఉంటాను.